మనస్సు నెరిగిన వైద్యుడు, మానలేని చుట్ట

కన్యాశుల్కం పాఠం చెప్పే ప్రతి ఉపాధ్యాయునికీ ఇది అనుభవమే. గిరీశం శుశ్రూష వల్ల తనకు చుట్ట కాల్చడం మాత్రం బాగా అలవడిందని వెంకటేశం చెప్పే ఘట్టం వచ్చేసరికి తరగతి అంతా ఘొల్లుమంటుంది. నవ్వవలసిన చోటే అది. గురజాడవారు 1897లో తొలిసారి ప్రకటించి, 1909లో పెంచి తిరిగి వ్రాసిన ఆ నాటకంలో చుట్ట హాస్యానికి ఒక ఉపకరణం. కాని నవ్వు చల్లారిన తరువాత ఒక ప్రశ్న మిగులుతుంది. వెంకటేశం చుట్టకు బాధ్యుడెవరు? నేర్పిన గురువా, నేర్చుకొన్న శిష్యుడా?

చుట్ట కాల్చడం ఎవరి ఇష్టం వారిదనే మాట మనం తరచుగా వింటాము. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. వయస్సు వచ్చిన మనిషి తన శరీరాన్ని, తన ధనాన్ని, తన తీరికను ఎట్లా వినియోగించుకోవాలో అడుగడుగునా ఇతరులు శాసించడం సబబు కాదు. అయితే ఇష్టమనేది ఎంతకాలం ఇష్టంగా నిలుస్తుంది? ఎక్కడ అది నిర్బంధంగా మారుతుంది? దాని ఫలితాన్ని అనుభవించేది ఇష్టపడినవాడొక్కడేనా? ఈ ప్రశ్నలకు తర్కం కంటె ఒక మనిషి జీవితం చక్కని సమాధానం చెప్పగలదు. మనిషి చేసే పనులకు ఆ మనిషే ఎరుగని కారణాలు ఉంటాయని లోకానికి బోధించిన సిగ్మండ్ ఫ్రాయిడ్ జీవితం అట్టిది.

ఫ్రాయిడ్ పేరు తెలుగు పాఠకులకు క్రొత్త కాదు. బుచ్చిబాబు చివరకు మిగిలేది గురించి గాని, గోపీచంద్ అసమర్థుని జీవయాత్ర గురించి గాని వ్రాసే విమర్శకులు ఆ పేరు తలచుకోకుండా ఉండడం అరుదు. ఆయన సిద్ధాంతాలలో కొన్ని నిలిచినవి, కొన్ని ఖండనకు గురియైనవి. ఆ వివాదం ఇక్కడ మన ప్రస్తుతాంశం కాదు. ఆయన చేతిలో ఏ ఛాయాచిత్రంలో చూసినా కనిపించే ఆ చుట్ట మాత్రమే మనకు ప్రస్తుతం.

1856 మే 6వ తేదీన, ఆనాటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని మొరేవియా ప్రాంతంలో, ఫ్రైబెర్గ్ అనే చిన్న పట్టణంలో ఆయన జన్మించినాడు. తండ్రి యాకోబ్ ఉన్ని వ్యాపారి. యూదులు. పిల్లవానికి నాలుగేండ్లు వచ్చేసరికి కుటుంబం వియన్నా నగరానికి చేరినది. అటు తరువాత దాదాపు డెబ్బది ఎనిమిదేండ్లు ఆయన ఆ నగరంలోనే గడిపినాడు. 1873లో వియన్నా విశ్వవిద్యాలయంలో చేరి, 1881లో వైద్యపట్టం పొందినాడు.

పొగ త్రాగడం ఆయన ఇరువది నాలుగవ ఏట ఆరంభమైనది. మొదట సిగరెట్లు. కొద్ది కాలానికే సిగారు, అంటే మన చుట్టకు విదేశీ సోదరి, ఆయన చేతికి వచ్చినది. ఆ తరువాత ఇంకొకటి ఆయనకు రుచించలేదు. దీనికి ఆదర్శం ఎవరో ఆయనే పెద్దతనంలో చెప్పుకొన్నాడు. తండ్రి యాకోబ్ గొప్ప ధూమపాన ప్రియుడు. ఎనుబది ఒకటవ ఏట చనిపోయేంతవరకు త్రాగినవాడు. తండ్రికి హాని చేయనిది తనకు మాత్రం ఎందుకు చేస్తుందని కుమారుని నమ్మకం కాబోలు. మన ఇండ్లలోనూ తాతగారి చుట్టను చూపి మనుమడు తన సిగరెట్టును సమర్థించుకోవడం కద్దు. బ్రతికిన తాత కనిపించినట్లు, అదే అలవాటుతో ముందే పోయినవారు కంటికి కనిపించరు గదా.

వ్యసనం ఎట్టిదో ఫ్రాయిడ్ ఎరుగనివాడు కాడు. 1884లో, యౌవనోత్సాహంతో, కొకెయిన్ అనే మందును గురించి ఆయన పరిశోధన చేసి, దానిని మెచ్చుకొంటూ ఒక వ్యాసం ప్రకటించినాడు. ఎర్న్‌స్ట్ ఫ్లైష్ల్ అనే స్నేహితుడొకడు చేతికి తగిలిన గాయపు బాధను ఓర్చుకోలేక మార్ఫిన్‌కు బానిసయినాడు. అతనిని ఆ దాస్యం నుంచి తప్పించాలన్న సదుద్దేశంతో ఫ్రాయిడ్ కొకెయిన్ ఇచ్చి చూసినాడు. స్నేహితుడు ఒక దాస్యం విడువలేదు సరికదా, రెండవ దాస్యంలో కూడ పడినాడు. 1891లో అతడు మరణించినాడు. ఈ సంగతి ఫ్రాయిడ్ మనస్సును చాలకాలం బాధించినది. మందు మంచిదో చెడ్డదో తెలియక ముందే దానిని మెచ్చుకోవడంలో ఉన్న ప్రమాదం ఆయనకు ఆ విధంగా తెలిసివచ్చినది. కాని ఆ పాఠాన్ని తన చేతిలోని చుట్టకు మాత్రం ఆయన అన్వయించుకోలేదు.

1886లో మార్తా బెర్నేస్‌ను వివాహమాడినాడు. ఆరుగురు పిల్లలు కలిగినారు. 1891లో బెర్గాసె అనే వీథిలో 19వ నంబరు ఇంటికి మారినారు. నలుబది ఏడేండ్లు ఆ ఇల్లే నివాసం, అదే వైద్యశాల. ఉదయం నుంచి రాత్రి వరకు రోగుల మాటలు వినడం, రాత్రి ప్రొద్దుపోయేదాక వ్రాసుకోవడం, మధ్యాహ్న భోజనానంతరం నగరవీథులలో వేగంగా నడిచి రావడం ఆయన దినచర్య. ఆ నడకలోనే దుకాణానికి వెళ్ళి చుట్టలు తెచ్చుకొనేవాడు. రోజుకు ఇంచుమించు ఇరువది కాల్చేవాడు. ఆ దేశంలో పొగాకు వ్యాపారం 1784 నుంచి ప్రభుత్వ గుత్తాధిపత్యం. ఆ విధంగా చుట్ట చుట్టించి అమ్మేది ప్రభుత్వమే, దానిపై ఆదాయం పొందేదీ ప్రభుత్వమే. వ్యక్తి ఇష్టమని మనం అనుకొనే దాని వెనుక ఎంతమంది ఇష్టాలు, ఎన్ని లాభాలు ఉంటాయో గమనించదగినది.

మొదటి హెచ్చరిక ఆయన ముప్పది ఎనిమిదవ ఏట వచ్చినది. 1894లో గుండె గతి తప్పినది. ఆయాసం, ఎడమ భుజంలో నొప్పి, మృత్యుభయం. బెర్లిన్‌లో ఉన్న వైద్యమిత్రుడు ఫ్లీస్ చుట్ట మానవలసిందని కచ్చితంగా చెప్పినాడు. ఫ్రాయిడ్ మానినాడు. కొన్ని వారాలు గడిచినవి. ఆ వారాలలో ఆయన పడిన యాతన మిత్రునికి వ్రాసిన లేఖలలో తెలుస్తుంది. పని సాగలేదు. మనస్సు దిగులుతో కుంగిపోయినది. చుట్ట లేని బ్రతుకు భరింపరాని దుఃఖమని తోచినది. చివరకు ఒకటి వెలిగించినాడు. రోజుకు ఒకటి చాలుననుకొన్నాడు. ఒకటి కొన్ని అయినది, కొన్ని మళ్ళీ పూర్వపు లెక్కకు చేరినవి.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగవలసి ఉన్నది. ఇరువది నాలుగవ ఏట తొలి సిగరెట్టు వెలిగించిన నాటి ఫ్రాయిడ్, ముప్పది ఎనిమిదవ ఏట చుట్ట తిరిగి వెలిగించిన ఫ్రాయిడ్, ఇద్దరూ తమ ఇష్టప్రకారమే ఆ పని చేసినామని చెప్పగలరు. కాని ఆ రెండు ఇష్టాలు ఒకటి కావు. మొదటివాడికి కాల్చడం, కాల్చకపోవడం రెండూ సమానంగా సులభం. రెండవవానికి ఒక దారి నున్నని రాచబాట, ఇంకొకటి ముళ్ళబాట. రెండు బాటలూ తెరిచే ఉన్నవి కాబట్టి స్వేచ్ఛ ఉన్నదనడం తర్కానికి సరిపోవచ్చు. అనుభవానికి సరిపోదు.

చిత్రమేమంటే, అదే దశాబ్దంలో ఆయన మానవమనస్సులోని చీకటిగదుల తలుపులు తెరుస్తున్నాడు. 1897లో తన మనస్సును తానే పరీక్షించుకోవడం ప్రారంభించినాడు. ఆ సంవత్సరాంతంలో ఫ్లీస్‌కు వ్రాసిన లేఖలో, మద్యం, మార్ఫిన్, పొగాకు వంటి వ్యసనాలన్నీ బాల్యం నాటి ఏదో ఒక తొలి అలవాటుకు ప్రత్యామ్నాయాలని ఊహించినాడు. 1899 నవంబరులో, ముఖపత్రం మీద 1900 సంవత్సరంతో, స్వప్నాలను గురించిన ఆయన మహాగ్రంథం వెలువడినది. అన్ని అలవాట్లకూ అర్థం వెదకిన ఆయన తన చుట్ట అర్థాన్ని మాత్రం ఎక్కువగా వెదకలేదు. ఒక్కొక్కప్పుడు చుట్ట కేవలం చుట్టయే అని ఆయన అన్నట్లు ఒక చమత్కారం లోకంలో ప్రచారంలో ఉన్నది. ఆయన గ్రంథాలలో గాని, లేఖలలో గాని అది కనిపించదు. కల్పించినవారెవరో గాని, ఆయన బలహీనత ఎక్కడ ఉన్నదో కనిపెట్టి కల్పించినారు.

1902 నుంచి బుధవారం రాత్రులు ఆయన ఇంటిలో శిష్యుల గోష్ఠి జరిగేది. బల్ల మీద కాఫీ, చుట్టలు, సిగరెట్లు సిద్ధంగా ఉండేవి. గోష్ఠి ముగిసిన పిమ్మట ఆ గదిలోకి తొంగి చూసిన పెద్దకుమారుడు మార్టిన్, అంత పొగలో మనుష్యులు గంటల తరబడి ఎట్లా కూర్చున్నారా, ఎట్లా మాట్లాడినారా అని ఆశ్చర్యపడినాడు. గురువు కాల్చేవాడు, శిష్యులలో అధికసంఖ్యాకులు కాల్చేవారు. ఆయనకు చుట్టలు బహుమతిగా తేవడం శిష్యులకు, మిత్రులకు పరిపాటి అయినది. ప్రేమతో ఇచ్చేవారు. ఇచ్చినవారిలో ఎవరికీ దురుద్దేశం లేదు.

ఒకనాడు తమ్ముని కుమారునికి, పదునేడేండ్ల బాలునికి, ఫ్రాయిడ్ సిగరెట్టు ఇవ్వబోయినాడు. ఆ బాలుడు వద్దన్నాడు. పెదతండ్రి నొచ్చుకొన్నాడు. పొగ త్రాగడం జీవితంలో చౌకగా దొరికే గొప్ప సుఖాలలో ఒకటి అనీ, దానిని ముందుగానే వదులుకొన్నవానిని చూస్తే తనకు జాలి కలుగుతున్నదనీ చెప్పినాడు. మన గిరీశం తలపుకు రావడం లేదా? గిరీశం టక్కరి. ఫ్రాయిడ్ మహామేధావి, నిజాయితీపరుడు. కాని ఆ క్షణాన ఇద్దరూ చేసిన పని ఒక్కటే.

1923 ఫిబ్రవరిలో, అరువది ఏడవ ఏడు నడుస్తుండగా, నోటిలో కుడివైపు అంగిలి మీద, దవడ మీద ఒక పొక్కు వంటిది ఆయన చేతికి తగిలినది. ఆయన స్వయంగా వైద్యుడు. అయినా రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. చూపిస్తే చుట్ట మానమంటారు. చివరకు చూపించగా చర్మవైద్యుడు స్టైనర్ ఆ మాటే అన్నాడు. ఫెలిక్స్ డాయిచ్ అనే మరొక వైద్యుడు అది రాచపుండని, అంటే క్యాన్సర్ అని, చూడగానే గ్రహించినాడు. కాని రోగితో ఆ మాట చెప్పలేదు. పొగ వల్ల వచ్చిన తెల్లమచ్చ అని, కోసివేస్తే సరిపోతుందని చెప్పినాడు. నిజం తెలిస్తే ఫ్రాయిడ్ ప్రాణం తీసుకొంటాడేమోనని ఆయన భయం.

ఏప్రిల్ 20వ తేదీన ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగినది. చిన్న కోత అనుకొని ఇంటివారికి చెప్పకుండానే ఫ్రాయిడ్ వెళ్ళినాడు. నెత్తురు అధికంగా పోయినది. రాత్రికి ఉండవలసి వచ్చినందువల్ల ఆసుపత్రివారు కబురు పంపగా, భార్య మార్తా, చిన్న కుమార్తె అన్నా పరుగున వచ్చి చూసేసరికి, ఆయన ఒక వంటింటి కుర్చీలో, బట్టలన్నీ నెత్తురుతో తడిసి, కూర్చుని ఉన్నాడు. ఒక చిన్న గదిలో మంచం వేసి పడుకోబెట్టినారు. ఆ గదిలో మరొక రోగి ఉన్నాడు. అతడు మరుగుజ్జు, బుద్ధివికాసం లేనివాడు. మధ్యాహ్నం ఇంటివారిని బయటకు పంపివేసిన సమయంలో మళ్ళీ రక్తం కారసాగినది. ఫ్రాయిడ్ కేక వేయలేడు. పిలుపుగంట పని చేయలేదు. ఆ మరుగుజ్జు పరుగెత్తికొని పోయి దాదిని పిలుచుకొని వచ్చినాడు. లోకం మెచ్చిన మేధావి ప్రాణాన్ని ఆనాడు కాపాడినవాడు, లోకం లెక్కచేయని ఆ అభాగ్యుడు. ఆ రాత్రి అన్నా తండ్రి మంచం ప్రక్క నుంచి కదలలేదు.

అదే సంవత్సరం జూన్ 19న మనుమడు హైనెలె క్షయవ్యాధితో మరణించినాడు. నాలుగున్నరేండ్ల పసివాడు. ఫ్రాయిడ్ కంటతడి పెట్టడం కుటుంబంవారు చూసింది అప్పుడే నంటారు. తన వ్యాధి కంటె ఆ మరణమే ఆయనను క్రుంగదీసినది. సెప్టెంబరులో అన్నాను వెంటబెట్టుకొని రోమ్ నగరం చూపించడానికి వెళ్ళినాడు. దారిలో రైలులోనే నోటి నుంచి నెత్తురు పడినది. అప్పటికీ నిజం ఆయనకు ఎవరూ చెప్పలేదు. సన్నిహిత శిష్యులందరికీ తెలుసు, రోగికి మాత్రం తెలియదు. కొన్నేండ్ల తరువాత ఆ సంగతి తెలిసినప్పుడు ఆయన మండిపడినాడు. తన జీవితాన్ని గురించిన సత్యాన్ని తన నుంచి దాచే హక్కు ఎవరికి ఉన్నదన్నదే ఆయన ఆగ్రహం. అది న్యాయమైన ఆగ్రహం. ఎరుక లేనిచోట ఎంపిక లేదు. వ్యక్తి ఇష్టాన్ని గౌరవించదలచినవారు మొదట ఇవ్వవలసింది సత్యమే.

అక్టోబరు 4, 11 తేదీలలో హాన్స్ పిక్లర్ అనే ప్రవీణుడైన శస్త్రవైద్యుడు రెండు విడతల పెద్ద చికిత్స చేసినాడు. కుడివైపు పై దవడలోను అంగిలిలోను అధికభాగం తీసివేయవలసి వచ్చినది. నోటికి, ముక్కుకు మధ్య గోడ లేకపోయినది. మాట్లాడాలన్నా, భోజనం చేయాలన్నా ఒక పెద్ద కృత్రిమ దవడ అమర్చుకోవాలి. దానిని ఇంటివారు రాక్షసి అనేవారు. అది పెట్టుకొంటే పుండ్లు పడేవి. తీసివేస్తే మాట రాదు. మాటలతోనే వైద్యం చేసిన మనిషి మాట ముద్దగా, ముక్కుతో పలికినట్లు అయిపోయినది. కుడిచెవి వినికిడి పోయినందున రోగి పడుకొనే మంచాన్ని, తాను కూర్చునే కుర్చీని స్థానాలు మార్చుకొని, ఎడమ చెవితో వినసాగినాడు.

చుట్ట మానినాడా? మానలేదు. దవడలు బిగుసుకొనిపోయి చుట్ట పళ్ళ మధ్యకు పోకపోతే, బట్టలు ఆరవేసేటప్పుడు పెట్టే కొయ్యచీలతో నోరు తెరుచుకొని మరీ కాల్చినాడు. పొగ తగిలి నోటిలో తెల్లమచ్చలు మాటిమాటికీ వచ్చేవి. ప్రతి మచ్చ రాచపుండుగా మారే ప్రమాదం ఉన్నందున పిక్లర్ దానిని కోసివేయడమో, కాల్చివేయడమో చేసేవాడు. ఈ విధంగా పదహారేండ్లలో ముప్పదికి పైగా శస్త్రచికిత్సలు జరిగినవి. 1930లో గుండెనొప్పి వచ్చి శుశ్రూషాలయంలో ఉన్నప్పుడు కొద్ది దినాలు పూర్తిగా మానినాడు. ఆరోగ్యం వెంటనే మెరుగైనది. ఆ సంగతి ఆయనే ఒప్పుకొన్నాడు. అయినా తిరిగి ప్రారంభించినాడు.

ఆయనలో మెచ్చుకోదగిన గుణం ఒకటి ఉన్నది. తన వ్యాధికి ఆయన ఎవరినీ నిందించలేదు. విధిని, వైద్యులను, చుట్టలు తెచ్చిన మిత్రులను దూరలేదు. సానుభూతి కోరలేదు. నొప్పి తగ్గించే బలమైన మందులు మనస్సును మందగింపజేస్తాయని, చివరిదాక ఆస్పిరిన్ వంటి చిన్న మందులతోనే సరిపెట్టుకొన్నాడు. మత్తులో ఆలోచించలేకపోవడం కంటె బాధలో ఆలోచించడం మేలని ఆయన మతం. రోగులను చూడడం మానలేదు. 1927లో మతాన్ని గురించి, 1930లో నాగరికతను గురించి ఆయన వ్రాసిన ప్రసిద్ధ గ్రంథాలు ఈ బాధల నడుమ వెలువడినవే. చేసిన పని ఫలితాన్ని తలవంచుకొని అనుభవించడం బాధ్యత అయితే, ఆ బాధ్యతను ఆయన వహించినాడు.

కాని బాధ్యత అంతటితో తీరినదా? ఈ ప్రశ్నకు సమాధానం ఆయన కుమార్తె అన్నా జీవితంలో ఉన్నది. 1895లో పుట్టిన ఆమె తండ్రికి దాది అయినది. మొదటనే తండ్రీకూతుళ్ళు ఒక ఒప్పందం చేసుకొన్నారు. జాలి, కన్నీరు చూపరాదు. చేయవలసినదంతా శస్త్రవైద్యుని నిబ్బరంతో చేయాలి. ఆ ఒప్పందాన్ని ఆమె కడదాక పాటించినది. ఆ రాక్షసి దవడను తీయడం, శుభ్రపరచడం, తిరిగి అమర్చడం ఆమె నిత్యకృత్యం. ఒకసారి అరగంట పెనగులాడినా అది అమరక వైద్యుని పిలవవలసి వచ్చినది. 1930లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం గెటే పురస్కారం ప్రకటిస్తే, దానిని స్వీకరించడానికి తండ్రికి బదులు ఆమె వెళ్ళినది. ఆమె స్వయంగా గొప్ప శాస్త్రజ్ఞురాలు, బాలల మనస్తత్వశాస్త్రంలో మార్గదర్శిని. పెండ్లాడలేదు. పదహారేండ్లు తన పనితోపాటు తండ్రి వ్యాధిని కూడ మోసినది. ఆ చుట్టలు ఆమె కాల్చలేదు. ఫ్రాయిడ్ ఇష్టం ఆయన ఒక్కనిది. దాని బరువు ఇద్దరిది.

మన దేశంతోనూ ఆయనకు ఒక సంబంధం ఉన్నది. గిరీంద్రశేఖర బోసు 1922లో కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించి, ఫ్రాయిడ్‌తో లేఖల ద్వారా చర్చలు సాగించినాడు. 1931లో ఫ్రాయిడ్‌కు డెబ్బది ఐదేండ్లు నిండినప్పుడు ఆ సంఘం దంతపు విష్ణుమూర్తి విగ్రహాన్ని కానుకగా పంపినది. ఆయన దానిని తన వ్రాతబల్ల మీద ఉంచుకొన్నాడు. నిర్గుణతత్త్వం గురించి, ఇంద్రియనిగ్రహం గురించి వేల యేండ్లు ఆలోచించిన దేశం నుంచి వచ్చిన ఆ దేవుడు, ఆ బల్ల మీద ప్రతిదినం ఎంత పొగను చూసినాడో!

1929లో మాక్స్ షుర్ అనే యువవైద్యుడు ఆయన స్వంత వైద్యుడైనాడు. మొదటి సమావేశంలోనే ఫ్రాయిడ్ రెండు షరతులు పెట్టినాడు. తనకు ఎప్పుడూ నిజమే చెప్పాలి. బాధ అర్థరహితమైనప్పుడు తనను ఊరక హింసపడనివ్వరాదు. డాయిచ్ విషయంలో తగిలిన దెబ్బ ఈ షరతుల వెనుక ఉన్నది. షుర్ అంగీకరించినాడు. చుట్ట మానమని అతడూ చెప్పినాడు. ఆ ఒక్క విషయంలో రోగి వినలేదు.

1938 మార్చిలో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించినారు. మార్చి 22న వారి రహస్యపోలీసులు అన్నాను ప్రశ్నించడానికి తీసుకొనిపోయినారు. ఆమె సాయంకాలం క్షేమంగా తిరిగి వచ్చేదాక ఆ వృద్ధుడు గదిలో పచార్లు చేస్తూ, ఒకదాని తరువాత ఒకటి చుట్టలు కాల్చుతూ ఉండిపోయినాడు. వియన్నా విడిచి వెళ్ళనని మంకుపట్టు పట్టిన ఆయన ఆ దినంతో మెత్తబడినాడు. జూన్ 4న ఊరు విడిచి, పారిస్ మీదుగా జూన్ 6న లండన్ చేరినాడు. సెప్టెంబరులో పిక్లర్ వియన్నా నుంచి వచ్చి మరొక పెద్ద శస్త్రచికిత్స చేసి వెళ్ళినాడు. అటు తరువాత వ్యాధి శస్త్రానికి అందని చోటికి చేరినది.

1939 వేసవికి చెంపకు రంధ్రం పడినది. దుర్గంధం భరింపరానిదైనది. ఈగలు ముసరకుండా మంచానికి దోమతెర కట్టినారు. ఆయనకు ప్రాణప్రదమైన కుక్క ఒకటి ఉండేది. ఆ వాసనకు అది యజమాని దగ్గరకు రాక, గదిలో దూరంగా ఒక మూలకు పోయి ఒదిగేది. ఆయన దాని వంక బాధగా చూసేవాడు. మనుష్యులు మర్యాద కోసం దాచుకొన్న సత్యాన్ని ఆ మూగజీవి దాచలేకపోయినది.

ఆయన చదివిన చివరి పుస్తకం ఫ్రెంచి నవలాకారుడు బాల్జాక్ వ్రాసిన ఒక కథ. అందులో ఒక యువకునికి మంత్రశక్తి గల తోలుముక్క దొరుకుతుంది. అతడు కోరిన ప్రతి కోరికా తీరుతుంది. కాని కోరిక తీరినప్పుడల్లా తోలు కొంత కుంచించుకొనిపోతుంది. దానితోపాటు అతని ఆయుస్సూ తగ్గుతుంది. తోలు పూర్తిగా హరించిననాడు ప్రాణం పోతుంది. ఆ సమయంలో తాను చదవదగిన పుస్తకం సరిగ్గా అదేనని ఫ్రాయిడ్ షుర్‌తో అన్నాడు. తన చుట్టలు ఆయనకు గుర్తు వచ్చినవో లేదో చెప్పలేము. చదివే మనకు మాత్రం గుర్తు రాకమానవు.

సెప్టెంబరు 21న షుర్ చేయి పట్టుకొని, పదేండ్ల క్రిందటి మాటను ఆయన గుర్తు చేసినాడు. అన్నాతో కూడ చెప్పమన్నాడు. వైద్యుడు మార్ఫిన్ ఇచ్చినాడు. ఆయన గాఢనిద్రలోకి జారి, 1939 సెప్టెంబరు 23వ తేదీ తెల్లవారుజామున, ఎనుబది మూడవ ఏట కన్నుమూసినాడు. లండన్‌లో ఆయన చివరి ఇల్లు నేడు ప్రదర్శనశాల. విష్ణుమూర్తి ఆ ఇంట్లోనే ఉన్నాడు.

ఫ్రాయిడ్ కాలానికి పొగాకును గురించిన విజ్ఞానం నేటివలె స్థిరపడలేదు. ఊపిరితిత్తుల రాచపుండుకూ పొగకూ గల సంబంధాన్ని ఇంగ్లండులోను, అమెరికాలోను శాస్త్రజ్ఞులు లెక్కలతో చూపినది 1950లో. అమెరికా ప్రభుత్వ వైద్యాధికారి నివేదిక 1964లో వచ్చినది. పొగాకులోని నికొటిన్ మనిషిని బానిస చేస్తుందని అదే పదవి నుంచి వెలువడిన 1988 నివేదిక స్పష్టంగా ప్రకటించినది. మన దేశంలో 2003లో చట్టం వచ్చినది. పదునెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదు. విద్యాలయానికి నూరు గజాలలోపల అమ్మరాదు. ఈ నిబంధనల అర్థం ఉపాధ్యాయులకు చక్కగా బోధపడాలి. ఇవి వ్యక్తి ఇష్టాన్ని కాదనేవి కావు. ఇష్టం పుట్టడానికి తగిన వయస్సు, తెలివిడి వచ్చేదాక దానిని కాపాడేవి.

ఫ్రాయిడ్ అంగిలి కథ మనకు దూరపు కథ కాదు. శ్రీకాకుళం, విశాఖపట్టణం ప్రాంతాల తీరగ్రామాలలో అడ్డపొగ అనే అలవాటు తరతరాలుగా ఉన్నది. చుట్ట నిప్పును నోటిలోపల పెట్టుకొని కాలుస్తారు. స్త్రీలలో ఇది అధికం. ఆ నిప్పు వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. అంగిలి మీద వచ్చే రాచపుండుకు ఈ అలవాటుతో గల సంబంధాన్ని వైద్యులు పరిశోధించి నిరూపించినారు. ఆ తల్లులలో ఎందరు సత్యం తెలిసి ఎంచుకొన్నారు? అమ్మమ్మ నోట చూసి అమ్మ, అమ్మ నోట చూసి బిడ్డ నేర్చుకొన్నదే గదా. వియన్నాలో యాకోబ్ నుంచి సిగ్మండ్‌కు సంక్రమించినట్లే ఇదీను.

కాబట్టి చుట్ట ఎవరి ఇష్టం వారిదన్న మాటను మనం కాదనవద్దు. దానిని పూర్తి చేద్దాము. ఇష్టం నిజమైన ఇష్టం కావాలంటే సత్యం ముందుగా తెలిసి ఉండాలి. అలవాటు పడకముందే నిర్ణయం జరగాలి. ఆ నిర్ణయపు బరువు తన తరువాత ఎవరి భుజం మీద పడుతుందో ఆలోచించాలి. అలవాటు పడినవారిని నిందించి ప్రయోజనం లేదు. ఫ్రాయిడ్ అంతటివాడే మానలేకపోయినప్పుడు, వారికి కావలసింది నింద కాదు, చేయూత. ఆయన మానలేకపోయినాడు గాని, అన్ని దేశాలలోను మానినవారు లక్షలాదిగా ఉన్నారన్నదీ మరువరాదు.

ఆ కథ అంతటిలోను పూర్తిగా స్వేచ్ఛగా నిర్ణయించుకొన్నవాడు నాకు ఒక్కడే కనిపిస్తాడు. లోకప్రసిద్ధుడైన పెదతండ్రి ఆప్యాయంగా చాచిన సిగరెట్టును వద్దని చెప్పిన ఆ పదునేడేండ్ల బాలుడు. ఆ పెదతండ్రి వానిని చూసి జాలిపడినాడు. మన తరగతులలో ఆ వయస్సు పిల్లలు ఎందరో కూర్చుని ఉంటారు. వెంకటేశం మాటకు వారు నవ్విన తరువాత, ఈ బాలుని సంగతి కూడ వారికి ఒకమాటు చెప్పడం మంచిది.